క్రైమ్ సిరీస్‌లు చివరికొచ్చేసరికి ఎందుకు చప్పబడతాయి? నిజంగా చూడదగ్గవి ఏవి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదిగా వరసపెట్టి క్రైమ్ సిరీస్‌లు చూస్తున్నారు. మొదటి రెండు ఎపిసోడ్లు కుర్చీలోంచి లేవనివ్వవు, చివరికొచ్చేసరికి ఉసూరుమంటోంది. హంతకుడెవరో ముందే తెలిసిపోతోంది, లేదంటే అంతవరకూ ఎక్కడా లేని మనిషిని తెచ్చి వీడే అంటున్నారు. బాగున్నవి ఏవి, అసలు దీనికన్నా నవలలే నయమా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. కోహ్రా మొదటి సీజన్, ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్, బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్, మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్, అడోలసెన్స్. ఈ అయిదూ చూడండి. నవలల మాటకొస్తే, హంతకుణ్ని దాచే ఆటలో నవలదే పైచేయి. మనుషుల ముఖాలు చదివించడంలో సిరీస్‌ది. మీకు ఉసూరుమనడానికి కారణం నాకు తోచినంతవరకు ఒక్కటే: హంతకుడి పేరు తప్ప ఇంకేమీ దాచుకోని కథలు మీరు ఎక్కువ చూస్తున్నారు. ఆ పేరు తెలిశాక వాటిలో మిగిలేదేమీ ఉండదు.

విమర్శ నా పని కాదు. పన్నెండేళ్లుగా వేరే భాషల సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్, డబ్బింగ్ మాటలు రాయడమే నా పని. అందులో సగానికి పైగా క్రైమే. ఈ పనిలో ఒక శాపం ఉంది. మొదటి ఎపిసోడ్‌కి మొదటి మాట రాయకముందే చివరి ఎపిసోడ్ చూసెయ్యాలి. అంటే ఎవరు చేశారో అని టెన్షన్ పడే భాగ్యం నాకు లేదు. అంతా తెలిసి, ఒక్కో సీన్‌ని నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూస్తాను. అలా చూసినా కొన్ని సిరీస్‌లు పని మరిపించేస్తాయి. కొన్ని రెండోసారికే అట్టముక్కల్లా తేలిపోతాయి. నా కొలబద్ద అదే, ఇంకోటి లేదు.

చివరిది ముందే ఎందుకు చూడాలంటే, మన క్రియల వల్ల. 'సమ్‌వన్ వజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్' అని ఇంగ్లీషులో సాక్షి అంటే ఆ ఎవరో ఆడో మగో తెలియదు. తెలుగులో 'నిలబడ్డాడు' అన్నామా, మగవాడు. 'నిలబడింది' అన్నామా, ఆడది. తప్పించుకునే దారి సన్నం. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక సిరీస్ ఫైళ్లు వారానికొకటి వచ్చేవి. రెండో ఎపిసోడ్‌లో రెయిన్‌కోటు వేసుకున్న మనిషి గురించి సాక్షి చెప్పే మాటని నేను హాయిగా 'గేటు దగ్గర ఎవడో నిలబడ్డాడు' అని రాసి పంపేశాను. ఆరో ఫైలు వచ్చింది. రెయిన్‌కోటులో ఉన్నది చనిపోయినవాడి అక్క. తెలుగులో చూసినవాళ్లకి నేను పచ్చి అబద్ధం చెప్పినట్టయింది. సాక్షి చెప్పని అబద్ధం, రచయిత చెప్పని అబద్ధం, పూర్తిగా నాది. తప్పు నాదే కాబట్టి సరిదిద్దిన ఫైలు కూడా నేనే మళ్లీ పంపుకున్నాను. ఆ తరవాత చివరి ఫైలు చేతికి రానిదే ఏదీ మొదలుపెట్టలేదు.

'ఎవరో నిలబడి ఉన్నారు' అంటే సరిపోతుందిగా అనొచ్చు. సరిపోతుంది, కానీ అదీ కారుతుంది. దొరికినవాణ్నల్లా వాడు, వీడు, వెధవ అనే ఇన్‌స్పెక్టరు ఒక్క హంతకుడి దగ్గరికి వచ్చేసరికి 'చంపినవారు' అని మర్యాద ఇస్తే, మీలాంటివాళ్లు వెంటనే పట్టేస్తారు. అందుకే క్రియనే మింగేస్తాం. 'గేటు దగ్గర ఎవరిదో నీడ' అంటాం. తెలుగు డబ్బింగ్‌లో పోలీసులు హంతకుడి గురించి మాట్లాడేటప్పుడు వాక్యాలు మరీ తుంచినట్టు ఉంటే కాస్త అనుమానించండి, అక్కడెవరో నాలాంటివాళ్లు చెమటోడ్చి ఉంటారు.

దీనికి ఎదురు కూడా ఉంది. హిందీలో 'నేను వెళ్లాను' అన్నా గయా, గయీ అని తేడా వస్తుంది కాబట్టి ముసుగేసుకుని ఉత్తరం రాసినా దొరికిపోతారు. తెలుగులో 'నేను' అని మాట్లాడే మనిషి ఎన్ని పేజీలైనా దాక్కోవచ్చు. ఇంతవరకూ చదివారు కదా, ఈ జవాబు రాస్తున్నది ఆడో మగో నా క్రియలు ఎక్కడైనా చెప్పాయా?

వరసల గొడవ ఇంకా పెద్దది. 'కజిన్' అని ఇంగ్లీషులో ఒక్కమాటలో తేల్చేస్తారు. మనకి బావో, అన్నో, మరదలో తేల్చాలి. వాళ్లిద్దరి మధ్యా ఏదో ఉందని ఆరో ఎపిసోడ్‌లో తెలియాల్సిన కథలో 'బావ' అని మొదట్లోనే రాస్తే సగం గుట్టు పోయినట్టే. 'యూ' ఇంకా ఘోరం. మాకు పరిచయమే లేదని పోలీసులకు చెప్పిన ఇద్దరు, వాళ్లిద్దరే ఉన్నప్పుడు నువ్వు అనుకుంటారా, మీరు అనుకుంటారా? ఒరిజినల్‌లో రచయిత ఆ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. నేను తీసుకోవాలి.

సరే, మీ బాధ దగ్గరికి వస్తాను. హంతకుడు ముందే తెలిసిపోవడం మీ తెలివి ఒక్కదాని వల్లే కాదు, ఏమీ అనుకోకండి. సిరీస్ తయారయ్యే పద్ధతే కొంత బయటపెట్టేస్తుంది. ఎపిసోడ్ ముందు 'గతంలో జరిగింది' అని ముక్కలు చూపిస్తారే, అది అతి పెద్ద లీకు. ఆరో ఎపిసోడ్ ముందు రెండో ఎపిసోడ్‌లోని ఒక చిన్న పలకరింపు చూపించారంటే, ఆ పలకరించిన మనిషికి ఇవాళ పని పడిందని అర్థం. ఆ ముక్కలు దాటేయండి, తరవాతి ఎపిసోడ్ ట్రైలర్ అసలు చూడకండి. రెండోది, పేరున్న నటుడికి నాలుగు మాటల పాత్ర. అంత డబ్బు ఊరికే పెట్టరు. మూడోది గడియారం. ఎనిమిది ఎపిసోడ్లలో నాలుగోదానికే ఒకణ్ని అరెస్టు చేశారంటే వాడు కాదని చిన్నపిల్లలకీ తెలుసు. నాలుగోది చాలామంది గమనించరు: వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం రాసే సబ్‌టైటిల్స్‌లో మాట్లాడేవాళ్ల పేరు పక్కన వేస్తారు. చీకట్లోంచి వినిపించే గొంతుకి పేరు వేసి ఉండటం నేను రెండుసార్లు చూశాను. పాపం, కథంతా ఆ ఒక్క ట్యాగుతో పోయింది.

ఇక ఎక్కడా లేని మనిషిని తేవడం. దీని మీద కోపం మీ ఒక్కరిదే కాదు, వందేళ్ల నాటిది. రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, 1929లో ఈ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిదే అది. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనిపించి ఉండాలి, అయితే వాడి మనసులోని ఆలోచనల్ని పాఠకుడికి వినిపించి ఉండకూడదు. ముందుగా పాఠకుణ్ని సిద్ధం చెయ్యకుండా కవలల్ని తేవద్దనేది పదోది. ఇప్పటి సిరీస్‌లు కొన్ని చూస్తే ఆయన కవలల మాట మొదట్లోనే పెట్టాల్సిందేమో అనిపిస్తుంది. ఈ నియమాలు రాయకముందే వాటిని పక్కకు నెట్టినవాళ్లూ ఉన్నారు. 1926లో అగాథా క్రిస్టీ రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య నవల మోసమా, గొప్పా అని అప్పుడే పెద్ద గొడవైంది. నా ఓటు గొప్పకే, ఎందుకంటే మళ్లీ మొదటినుంచి చదివితే ప్రతి వాక్యమూ నిజమే చెబుతుంది. మనమే వేరేగా విన్నాం.

ఇప్పుడు నేను చెప్పిన అయిదింటి గురించి. హంతకుడి పేరు ఎక్కడా రాయను, భయపడకండి.

కోహ్రా 2023లో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. పంజాబ్ పొలాల్లో, పెళ్లికని లండన్ నుంచి వచ్చిన కుర్రాడి శవం దొరుకుతుంది. వెంట వచ్చిన స్నేహితుడు కనపడడు. దర్యాప్తు చేసేది బల్బీర్ సింగ్ అనే నడివయసు ఎస్ఐ, గరుండీ అనే కుర్ర పోలీసు. నాకు నచ్చింది ఇది: హత్యలో బయటపడే ప్రతి విషయమూ బల్బీర్ ఇంట్లో ఉన్న విషయమే. మొగుణ్ని వదిలి పుట్టింటికొచ్చిన కూతురి మీద ఆయన చూపించే కఠినం, చనిపోయిన కుర్రాడి ఇంట్లో తండ్రులు చూపించిన కఠినం వేరు కావు. బల్బీర్‌గా చేసిన సువీందర్ విక్కీ ముఖం చూస్తూ కూర్చోవచ్చు, మాటలు లేకపోయినా. పంజాబీలోనే చూడండి, కింద అక్షరాలు చదువుకుంటూ. ఈ మాట డబ్బింగ్ రాసే నేనే అంటున్నాను.

ఢిల్లీ క్రైమ్ 2019లో వచ్చింది. 2012 డిసెంబరు నాటి నిర్భయ కేసు. నేరం తెలుసు, నేరస్థులు దొరికారని తెలుసు. దాచడానికి ఏమీ లేని కథ ఏడు ఎపిసోడ్లు ఎలా నిలబడింది? 'ఎవరు' అన్నది పోయి 'ఎలా' అన్నది వచ్చింది కాబట్టి. ఒక బస్సుని ఎలా పట్టుకున్నారు, నిద్ర లేని పోలీసులు ఒకరి మీద ఒకరు ఎలా విసుక్కున్నారు, బయట జనం కోపం, పైనుంచి ఒత్తిడి. నేరాన్ని తెర మీద చూపించకుండా, దాని బరువు మాత్రం తగ్గించకుండా తీశాడు రిచీ మెహతా. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది, ఉత్తమ డ్రామా సిరీస్‌గా. ఒక హెచ్చరిక: మనసు బాగాలేని రోజున పెట్టుకోకండి.

బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్ 2013 నాటిది, ఎనిమిది ఎపిసోడ్లు. సముద్రం ఒడ్డున పదకొండేళ్ల పిల్లాడి శవం. మీరు వెతుకుతున్న 'ఎవరు' కథల్లో దీన్ని మించినవి నాకు తక్కువ కనిపించాయి. షూటింగ్ జరుగుతున్నంతకాలం హంతకుడెవరో చాలామంది నటులకు చెప్పలేదు. దాంతో ఎవరూ అమాయకత్వం నటించలేదు, అనుమానమూ నటించలేదు. అంతా తెలిసి నేను రెండోసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది ఒలీవియా కోల్మన్ పాత్ర నవ్వుతూ ఉండే మొదటి ఎపిసోడ్‌లో, చివర్లో కాదు. ఇంతకన్నా చెబితే కథ చెప్పేసినట్టే. దీన్నే అమెరికాలో 2014లో గ్రేస్‌పాయింట్ పేరుతో మళ్లీ తీశారు, డేవిడ్ టెనెంటే మళ్లీ డిటెక్టివ్. ఎనిమిది ఎపిసోడ్లు పదయ్యాయి, ముగింపు మారింది. నాకు మాత్రం పాలల్లో నీళ్లు పోసినట్టే ఉంది.

అంటే పొడుగే తప్పా? అలా అనుకునేదాన్నో అనుకునేవాణ్నో (గుట్టు విప్పను), 2007 నాటి డెన్మార్క్ సిరీస్ ది కిల్లింగ్ చూసేదాకా. మొదటి సీజన్ ఇరవై ఎపిసోడ్లు, ఒకే హత్య, ఎపిసోడ్‌కో రోజు. అది విసుగెత్తదు. ఎందుకంటే పోలీసులు, నగర రాజకీయాలు, బిడ్డని పోగొట్టుకున్న ఇల్లు, మూడూ సమానంగా నడుస్తాయి. ఆ తల్లిదండ్రులు వంటింట్లో ఏం మాట్లాడుకోవాలో తెలియక నిలబడే సీన్లు ఏ దర్యాప్తుకీ అక్కర్లేదు, కానీ అవి లేకపోతే ఇరవై గంటల పాటు ఆ అమ్మాయి చనిపోయిందని మనకు గుర్తుండదు. పొడుగు కథలు చప్పబడేది సరుకు లేకుండా సాగదీసినప్పుడే. నాలుగు గంటల సరుకుని ఎనిమిది గంటలు లాగాలంటే మధ్యలో ఎపిసోడ్‌కో దొంగ అనుమానితుణ్ని నిలబెట్టాలి, వాణ్ని వదిలెయ్యాలి. మీకు నాలుగు, అయిదు ఎపిసోడ్ల దగ్గర వచ్చే నీరసం అదే.

మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్ (2021, ఏడు ఎపిసోడ్లు) గురించి తక్కువ చెబుతాను, దాన్ని చాలామంది పొగిడారు. కేట్ విన్స్‌లెట్ డిటెక్టివ్. అందరూ అందరికీ తెలిసిన చిన్న టౌన్లో, విచారించాల్సిన ప్రతి మనిషీ ఆమెకి చుట్టమో స్నేహమో. 'ఎవరు' అన్న ప్రశ్న మారుతూ మారుతూ 'తెలిశాక ఆమె ఏం చెయ్యాలి' అయిపోతుంది. మధ్యలో ఒకటి రెండు మలుపులు మరీ బిగించినట్టున్నాయి, ఒప్పుకుంటాను.

అడోలసెన్స్ 2025ది, నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటీ కట్ లేకుండా ఒకే షాట్. పదమూడేళ్ల పిల్లాణ్ని హత్య కేసులో తెల్లవారుజామున ఇంట్లోంచి తీసుకెళ్తారు. మొదటి ఎపిసోడ్ అయ్యేసరికే చేశాడా లేదా అన్నది తేలిపోతుంది. మిగిలిన మూడూ ఎందుకు అనే దాని మీద. మూడో ఎపిసోడ్‌లో గదిలో ఇద్దరే, పిల్లాడు, సైకాలజిస్టు. అంతసేపు కెమెరా తిరుగుతుంటే ఒక్క కట్ కూడా లేకపోవడం టెక్నిక్ గొప్ప కోసం కాదు. ఆమె బయటికి వెళ్లి ఊపిరి పీల్చుకుంటే తప్ప మనకీ ఊపిరి ఆడదు. ఆ పిల్లాడిగా చేసిన ఓవెన్ కూపర్‌కి తెర మీద అదే మొదటి పాత్ర, పదిహేనేళ్లకే ఎమ్మీ తెచ్చుకున్నాడు. దాచడానికి పేరు లేకపోయినా క్రైమ్ కథ ఎంత బిగువుగా ఉండొచ్చో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

జాబితాలో లేనివి ఎందుకు లేవో కూడా చెప్పాలి. ట్రూ డిటెక్టివ్ మొదటి సీజన్ (2014) మీద నాది మిశ్రమ అభిప్రాయం. 2012లో ఇద్దరు మాజీ డిటెక్టివ్‌లు పోలీసుల ముందు కూర్చుని 1995 నాటి కథ చెబుతుంటారు, వాళ్లు చెప్పేది ఒకటి, తెర మీద మనం చూసేది ఇంకోటి. క్రైమ్ కథలో మాటకీ బొమ్మకీ మధ్య ఇంత దూరం అంత అందంగా వాడినవాళ్లు తక్కువ. తీరా హంతకుడి దగ్గరికి వచ్చాక మామూలు భయంకరమైన పిచ్చివాడి కథే. మీ జబ్బుకి అది మందు కాదు. పాతాళ్ లోక్ చూడొచ్చు, అయితే హత్యాయత్నం ఎవరు చేయించారన్నది పక్కన పెట్టి, జైదీప్ అహ్లావత్ చేసిన హాథీరాం అనే ఓడిపోయిన పోలీసు కోసం. సీరియల్ కిల్లర్లని దేవుళ్లలా చూపించి, చనిపోయినవాళ్లకి పేరు కూడా ఇవ్వని సిరీస్‌ల గురించి నన్ను అడక్కండి. డబ్బుల కోసం రాశాను, ఇష్టపడి కాదు.

నవలలు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు జోడీతో పెరిగిన పాఠకుల్లో నేనూ ఉన్నాను కాబట్టి నాకు పక్షపాతం ఉంది. వాళ్ల కథలు రాసిన కొమ్మూరి సాంబశివరావు నవల ఒక మధ్యాహ్నంలో అయిపోయేది, సాగదీతకు చోటే లేదు. నవలకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ముఖాలు కనపడవు. ఒక గదిలో ఆరుగురు ఉన్నారని రాసి, అయిదుగురు ఏం చేస్తున్నారో చెబితే ఆరోవాడు ఉన్నాడని మీరు మరిచిపోతారు. తెర మీద ఆ ఆరోవాడు కుర్చీలో కనపడుతూనే ఉంటాడు. అందుకే దాచే కథలు పుస్తకంలోనే చదవండి.

మీకు ముందే కనిపెట్టేసే అలవాటుంటే, ఇంకో రకం కథలు పట్టుకోండి: హంతకుణ్ని మొదటే చూపించేవి. ఆస్టిన్ ఫ్రీమన్ అనే రచయిత 1912లోనే ఈ పద్ధతి మొదలుపెట్టాడు, ముందు నేరం జరిగేది చెప్పి, తరవాత తన డిటెక్టివ్ డాక్టర్ థార్న్‌డైక్ దాన్ని ఎలా విప్పాడో చెప్పాడు. టీవీలో కొలంబో సిరీస్ దాదాపు అంతా అదే దారి. 1971లో రెగ్యులర్ సిరీస్‌గా మొదలైనప్పుడు మొదటి ఎపిసోడ్ తీసింది ఇంకా ఇరవైల్లో ఉన్న స్టీవెన్ స్పీల్‌బర్గ్. ఇక జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో రాసిన డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్ చదవండి. హత్య తొలి పేజీల్లోనే మీ కళ్లముందు జరుగుతుంది, ఎవరు చేశారో తెలిసిపోతుంది. అంతా తెలుసనుకుంటూ చివరిదాకా వెళ్తారు. వెళ్లాక ఆ 'తెలుసు' ఏమవుతుందో చూడండి. జపనీస్‌లో క్రియకి ఆడా మగా తేడా లేదు, అదో సుఖం అనువాదకులకి.

ఏ వరసలో అంటే, ఈ వారం కోహ్రా. తరవాత మధ్యలో సస్పెక్ట్ ఎక్స్ చదివి బ్రాడ్‌చర్చ్‌కి వెళ్లండి. రోజుకి ఒకటి, మహా అయితే రెండు ఎపిసోడ్లు. స్పీడు పెంచి చూడకండి, ఈ కథల్లో మనుషులు మాట్లాడటానికి ముందు ఆగే ఆ రెండు క్షణాల్లోనే సగం సాక్ష్యం ఉంటుంది. బ్రాడ్‌చర్చ్ అయ్యాక మీరు ఎన్నో ఎపిసోడ్‌లో కనిపెట్టారో ఇక్కడే కింద రాయండి. ఎపిసోడ్ నంబరు చాలు. పేరు రాయొద్దు, వాడు, ఆమె అని కూడా రాయొద్దు.